మఱల చేత బట్టిన గాలము

గత సంవత్సరము శ్రావణమాసమున, ముప్పది యేండ్ల తరువాత, నేను మఱల గాలము చేత బట్టితిని. పత్రికలో వ్రాయదగిన విషయములు వేలకొలది యుండగా, ఒక నడివయస్కుడు చేపలు పట్టబోయిన వృత్తాంతము చదువరుల కేల యని మొదట సంకోచించితిని. కాని ఆ వారము దినములలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల నీళ్ళయొద్ద నేను చూచినది నా యొక్కని వినోదమునకు సంబంధించినది కాదు. చెఱువు క్రింద మడి గలవారికిని, సంతలో చేప కొని తినువారికిని అందు సమానముగా పాలు గలదు. అందుచేత వ్రాయుచున్నాను.

మా యూరు వనపర్తి సీమలోనిది. చిన్ననాట సెలవులు వచ్చినచో మాకు చెఱువుకట్టయే బడి. గాలమునకు కావలసిన సామగ్రియంతయు ఇంచుమించు ఊరిలోనే దొరకెడిది. ఇనుప ముల్లును, నైలాను దారమును మాత్రము అంగడిలో కొనవలసియుండెడిది. కఱ్ఱ దొడ్డిలోని వెదురు. బెండు జొన్నదంటునుండి తీసినది, లేనిచో నెమలియీక కాడ. ఎఱ పశువుల కొట్టమువెనుక పేడదిబ్బ క్రింద సమృద్ధిగా నుండెను. వానపామును మావైపు ఎఱ్ఱ యందురు. ఎఱయనగా ఎఱ్ఱయే యని మా బాల్యనిశ్చయము. పగిలిన ముంతలో తడిమన్ను వేసి, ఎఱ్ఱలను దానిలో దాచి, తెల్లవాఱకముందే కట్టమీదికి చేరెడివారము.

బెండు నీటిపై కదలు తీరును బట్టి క్రిందనున్న చేప యేదియో చెప్పుట ఆ విద్యలో మొదటి పాఠము. పరిగెలు కొఱికినచో బెండు సన్నగా వణకును. జెల్ల పట్టినచో ప్రక్కకు జారును. బొమ్మిడాయి మెల్లమెల్లగా లాగికొనిపోయి, ఱాళ్ళ సందున దూరి, దారమును తెంపును. కొర్రమీను పట్టినప్పుడు ఈ ముందుమాట లేవియు నుండవు. బెండు ఒక్క పెట్టున మునుగును. ఆ మునుక కొఱకే మేము పూటలకొలది ఎండలో కూర్చుండెడివారము.

నా పదునాలుగవ యేట నేను చేసిన పని యొకటి ఇచ్చట చెప్పవలసియున్నది. భాద్రపదమాసము. చెఱువు నిండియుండెను. తూము దగ్గఱ తామరాకుల నడుమ ఎఱ్ఱని ముద్ద యొకటి నీటిపైకి తేలుచు, మునుగుచు కనబడెను. దగ్గఱకు పోయి చూడగా అవి వందలకొలది కొర్రపిల్లలు. అంగుళమైన లేనివి, ఒకదానినొకటి విడువక గుంపుగా తిరుగుచుండెను. వాని క్రింద పెద్దచేప నీడవలె కదలుచుండెను. నేను చిన్నకప్ప నొకదానిని గాలమునకు గ్రుచ్చి ఆ గుంపు నడుమ వేసితిని. పెద్దచేప ఆకలిచే గాదు, కోపముచే దానిపై బడెను. మూరెడు పొడవుగల యా చేపను కట్టమీదికి ఈడ్చి, తోటి పిల్లలు వెంటరాగా, జయించివచ్చినవానివలె ఊరిలోనికి కొనిపోయితిని.

దారిలో ఒక ముసలి బెస్త యెదురుపడి చేపను చూచి, "పిల్లల మీదున్నదాన్ని పట్టినవా, చిన్న పటేలా?" అని యడిగెను. అవునంటిని. "ఇగ ఆ పిల్లలను ఎవలు సాకుతరు?" అని, నా జవాబునకు నిలువక, వలను భుజము మార్చుకొని వెడలిపోయెను. మఱునాడు తూముకడకు పోయి చూచితిని. కొంగలు దిగియుండెను. ఎఱ్ఱని ముద్ద చెదరిపోయి, అక్కడక్కడ పది యిరువది పిల్లలు మాత్రమే పైకి తేలుచుండెను. మూడవనాడు అవియు లేవు.

తరువాత రెండుమూడేండ్లకు చదువు నిమిత్తము హైదరాబాదు చేరితిని. చదువువెనుక ఉద్యోగము, ఉద్యోగమువెనుక సంసారము. గాలము విడిచితినని యెన్నడును అనుకొనలేదు, దానంతటదియే విడిపోయినది. ముసలివాని ప్రశ్న మాత్రము విడువలేదు.

డాలసు నగరమున ఉద్యోగము చేయు మా మేనల్లుడు గత శ్రావణమున సెలవుపై వచ్చి నా చేతిలో చిన్న సంచి యొకటి పెట్టెను. అందు జానెడు పొడవుగల వానపాము లిరువది. నల్లనివి, ఊదారంగువి, ముట్టుకొన్న మెత్తగా చల్లగా నున్నవి. ఉప్పువాసనతో గూడిన యేదో తైలపువాసన వచ్చుచుండెను. "మామా, ఇగ ఎర్రలు తవ్వే పని లేదు. ఇవన్నీ ప్లాస్టిక్‌వే. ఒక్కసారి వేసి చూడు," అనెను. అమెరికాలో స్థిరపడిన మన యువకులు పలువురు ఆదివారమునాడు సరస్సులకు పోయి గాలము వేయుదురనియు, వారు కోరునది బాస్ యను చేపయనియు వానివలననే వింటిని.

పెద్దనోటి బాస్ అనునది ఉత్తర అమెరికాలోని మంచినీటి చేప. కలుపుమొక్కల చాటున పొంచియుండి, దగ్గఱకు వచ్చిన చిన్నచేపను, కప్పను, పురుగును నోరుతెఱచి లోనికి పీల్చుకొనును. వంశమున కొర్రమీనుకు చుట్టము కాదు గాని వర్తనమున పినతండ్రి బిడ్డవంటిది. 1932లో జార్జియా రాష్ట్రమున జార్జి పెర్రీ యను యువకర్షకుడు పట్టిన బాస్ 22 పౌనుల 4 ఔన్సులు, అనగా ఇంచుమించు పది కిలోలు తూగెను. 2009లో జపానునందలి బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప దానితో సమానముగా నెంచబడినది. పెర్రీ పట్టిన చేపకు చర్మము తీయించి గోడకు తగిలించినవారు లేరు. అవి ఆర్థికమాంద్యపు దినములు. కుటుంబము వండుకొని తినెను. పట్టినదానిని తినుటలో తప్పు లేదనుటకే ఈ మాట చెప్పుచున్నాను.

ప్లాస్టిక్ వానపాము పుట్టినది 1949లో, ఒహాయో రాష్ట్రమందలి అక్రాన్ పట్టణమున. నిక్ క్రీమ్ అను గాలపువేటగాడు నిజమైన వానపామునకు అచ్చు తీసి, అందు మెత్తని ప్లాస్టిక్ ద్రావకమును పోసి, చేతబట్టిన సాగునది, నీట వేసిన ఆడునది యగు ఎఱను తయారుచేసెను. మా వనపర్తివారికి 1949 వేఱొక కారణముచే జ్ఞాపకము. ఆ సంవత్సరముననే సరళాసాగరమునకు పునాది పడినది. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లిపేర నిర్మింపదలచిన యా జలాశయము 1959లో పూర్తియయ్యెను. నీరు నిండుమట్టము దాటినంతనే మనుష్యుడు తలుపెత్తనక్కఱలేక సైఫనులద్వారా తనంత దానే వెడలిపోవు ఏర్పాటు దాని విశేషము. 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగి, నిలిచిన నీరంతయు ఒక్క పూటలో వెడలిపోయినది. పిమ్మట కట్టను మఱల కట్టిరి. నీటిని నిలుపుటకొక యుక్తియు, నీటిలోని చేపను భ్రమింపజేయుట కొక యుక్తియు ఒక్క యేడే పుట్టినవి. మొదటిదానిని చూచుచు పెరిగిన నాకు రెండవది చేతికందుటకు ఇంతకాలము పట్టెను.

ఈ యెఱను కట్టు పద్ధతిని టెక్సాసు కట్టు అందురు. దారమున ముందుగా తుపాకిగుండు ఆకారముగల చిన్న బరువును గ్రుచ్చి, దాని క్రింద ముల్లును కట్టుదురు. ముల్లుమొనను వానపాము తలలో గ్రుచ్చి బయటికి తీసి, త్రిప్పి, మఱల దాని నడుమునందే దాచివేయుదురు. మొన బయటికి కనబడనందున తూడులోను, నాచులోను, తామరకాడల నడుమను చిక్కుపడక జాఱిపోవును. చేప పట్టి మెత్తని ఒడలిని నొక్కినప్పుడే మొన పైకి వచ్చును. మా చిన్ననాటి బెండుగాలము తామరల నడుమ వేసినచో చేపకంటె ముందు తామరయే చిక్కెడిది. కొర్రమీను నివసించు చోట్లు సరిగా అవియే. ఈ యెఱ మన చెఱువుల కొఱకే చేయబడినదా యని తోచెను.

మఱియొక భేదము గలదు. బెండుగాలమున వేటగాడు కూర్చుండును, ఎఱ తిరుగును. ఇచ్చట ఎఱకు ప్రాణము లేదు; ప్రాణము పోయవలసినవాడు వేటగాడే. కఱ్ఱకొనను మెల్లగా ఎత్తి, దించి, నిలిపి, మఱల ఎత్తవలెను. ఆ కదలికవలననే చేప మోసపోవును. మొదటిదినము నా చేతిలో అది చచ్చిన పామువలెనే యుండెను. మేనల్లుడు నవ్వెను గాని వాడు చెప్పిన సూత్రము మంచిది: "తొందరపడకు మామా, అది ఆకలిగొన్నదని కాదు, బతికున్నదని చేపకు అనిపించాలె."

చేయి కుదురుపఱచుకొనుటకు ముందు ఈ మూడు సీమల నీళ్ళను ఒకమాఱు చూచిరావలెనని ఇరువురము బయలుదేఱితిమి. 2016 అక్టోబరు 11న ఇవి మూడు జిల్లాలైనవి గాని, నీటి లెక్కలో ఇది యంతయు కృష్ణాతుంగభద్రల సీమయే.

మొదట గద్వాల మార్గమున జూరాల. నేను గాలము విడిచిననాటికి ఆ ఆనకట్ట పూర్తి కాలేదు. 1981లో శంకుస్థాపన జరిగి 1996లో ప్రారంభమైనది. నేడు ఆనకట్టకడ బాటప్రక్కన బండ్లపై కృష్ణ చేపలను వేయించి అమ్ముచున్నారు. దూరగ్రామములవారు వానికొఱకే ఆగుచున్నారు. అచ్చట నీటిలో దిగి గాలము వేయదలచినవారికి స్థానికులు మొదట చెప్పు మాట మొసళ్ళను గుఱించి. వరదకాలమున అవి కాలువలలోనికిని పొలములలోనికిని వచ్చుచుండును. మేము ఒడ్డుననే నిలిచి, పుట్టిలో ఇద్దఱు మనుష్యులు వల దీయుటను చూచి, వేయించిన చేప తిని, మరలితిమి.

తరువాత శ్రీరంగాపురము. రంగనాయకస్వామి కోవెల ప్రక్కన రంగసముద్రము నిండుగా నుండెను. అచ్చటినుండి నాగర్‌కర్నూలు చేరి కేసరిసముద్రమును చూచితిమి. చిన్ననాట మా ప్రాంతపు చెఱువులు మూడేండ్లకొకమాఱైన ఎండి, పగిలి, కట్టక్రిందివారు బొంబాయికి వలసపోవుట నేనెఱుగుదును. పాలమూరు కూలి యను పేరు దేశమంతట మాఱుమ్రోగిన దినములవి. నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చి కృష్ణనీరు చెఱువులకు చేరిన పిమ్మట ఎండుట తగ్గినది. కృష్ణనీటితో కృష్ణ చేపయు చెఱువులకు వచ్చినది. చిన్ననాట మా చెఱువులో నే నెన్నడును చూడని జిలేబిచేప నేడు కట్టవెంబడి గుంపులుగా తిరుగుచున్నది. ఆఫ్రికాలో పుట్టి, పెంపకము పేర మన దేశము చేరి, చెఱువులలో తనంత తానే విస్తరించిన పరదేశి యది.

చివఱకు కొల్లాపురము మీదుగా సోమశిల. శ్రీశైలము జలాశయపు వెనుకనీరు అచ్చట సముద్రమువలె పఱచుకొనియుండును. ముంపునకు ముందు తరలించి కట్టిన సోమేశ్వరాలయము ఒడ్డున నున్నది. రేవునకు కొంత దూరమున ఆరవేసిన వల యొకటి చూచి నేను దాని కంటిలో వ్రేలు పెట్టబోతిని. చిటికెనవ్రేలైన దూరలేదు. ఇట్టివానిని అలివివల లందురు. నీటిలో చుట్టివేసి ఒడ్డునకు లాగినచో పెద్దది చిన్నది యను భేదము లేక వ్రేలెడు పిల్లవఱకు అంతయు వచ్చును. ఇవి నిషిద్ధములు. అప్పుడప్పుడు అధికారులు పట్టి తగులబెట్టుదురని పత్రికలలో వచ్చుచునే యుండును. వలలును మఱల వచ్చుచునే యుండును. ఒడ్డున ఇసుకపై ఎండుచున్న పిల్లచేపలను చూచి మా మేనల్లుడు, "ఇవి పెరిగితే ఎన్ని కిలోలైతుండె మామా," అనెను. నా కప్పుడు ముసలి బెస్త మాట మఱల వినబడెను.

చేపపట్టుటకు మితము కావలెనను భావము మనకు పరులు నేర్పినది కాదు. అశోకుని యైదవ స్తంభశాసనమున కొన్ని చేపలు అవధ్యములని చెప్పబడినది. చాతుర్మాస్యపు పున్నములందును, తిష్యనక్షత్రపు పున్నమియందును చేపలను చంపరాదు, అమ్మరాదు అని విధింపబడినది. గాలపు విద్యయు మనకు క్రొత్తది కాదు. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 1126 మొదలు 1138 వఱకు రాజ్యము చేసెను. ఆ వంశపు రాజుల శాసనములు మన ఆలంపురమున నేటికిని గలవు. ఆయన పేర వెలసిన మానసోల్లాసమను సంస్కృతగ్రంథమున రాజుల వినోదములను చెప్పుచు మత్స్యవినోదమని యొక యధ్యాయమే వ్రాయబడినది. చేపల జాతులు, వానికి పెట్టవలసిన మేత, దారము, కఱ్ఱ, ఎఱ, అన్నియు నందు గలవు. చేపకు మేత పెట్టి పోషించిన పిమ్మటనే గాలము వేయుట ఆ రాజవినోదపు క్రమము.

ఏడు శతాబ్దములకు పైబడిన పిమ్మట చెన్నపట్టణపు సివిలు ఉద్యోగి హెన్రీ సలివన్ థామస్ ఇదే విషయమున రెండు పుస్తకములు వ్రాసెను: 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా', 1887లో 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా'. రెండవది కేవలము చెఱువులలో గాలము వేయుటను గుఱించినదే. 1897లో వచ్చిన భారత మత్స్యచట్టము ప్రేలుడు పదార్థములతోను, విషముతోను చేపలు చంపుటను నేరముగా నిర్ణయించెను. రాజు వ్రాసినను, దొర వ్రాసినను, చట్టము చెప్పినను అర్థమొక్కటియే: నీటిలోనిదంతయు ఒక్కనాడు తీసికొనరాదు.

ఈ పర్యటనానంతరము మా యూరి చెఱువు చేరితిమి. చెఱువులోని చేప నేడు మత్స్యకారుల సహకారసంఘమునది. చిన్ననాట అడుగక వేసినవాడను, ఇప్పుడు అడిగి వేసితిని. సంఘపు పెద్ద నవ్వి, "గాలంతోని ఎన్ని పడ్తవు సారూ, వేసుకో," అనెను. గాలము విలువ యంతయు ఆ నవ్వులోనే యున్నదని నాకు తరువాత తెలిసినది.

రెండు ఉదయములు వట్టివి పోయెను. మూడవ ఉదయమున, తూమునకు కొంత యీవల, తూడు ఎడముగా నున్నచోట ఊదారంగు వానపామును వేసి, మునుగనిచ్చి, ఒకమాఱు ఎత్తి నిలిపితిని. దారము ప్రక్కకు నడచెను. ఊపిరి బిగబట్టి కఱ్ఱను పైకి కొట్టితిని. ముప్పది యేండ్లనాటి బరువు చేతికి వచ్చెను. కొర్రమీను నీటిని చిల్చి, తూడును చుట్టుకొని, తల విదిలించి, చివఱకు ఒడ్డునకు వచ్చెను. పొట్ట తెలుపు, ప్రక్కల చారలు, పామువంటి తల. ఇంచుమించు కిలోన్నర యుండును. ముల్లు పెదవియందే నాటుకొనియుండెను. మేనల్లుడు ఫోటో తీయుచుండగా నా చూపు నీటిపై బడెను. తూడు ప్రక్కన ఎఱ్ఱని ముద్ద తేలెను, మునిగెను, మఱల తేలెను.

నేను పిల్లలను ముందుగా చూడలేదు. ఈమాఱు తెలిసి చేసినది కాదు. అయినను చేప నా చేతిలో నున్నది, ప్రశ్న పాతదే. ముల్లు ఊడదీసి, చేపను రెండు చేతులతో నీటిలో ఉంచితిని. కొర్రమీను గాలి పీల్చి బ్రదుకగల జాతియగుటచే ఒడ్డున గడిపిన ఆ కొద్దికాలము దానికి ప్రమాదము కాలేదు. ఒక క్షణము కదలక నిలిచి, పిదప తోకతో నా మొగముపై నీరు చల్లి పోయెను. మేము కట్టపైకి తప్పుకొని కూర్చుండి చూచితిమి. కొంతసేపటికి ముద్ద క్రింద నీడ కనబడెను. చిన్ననాటి అపరాధము దీనితో తీఱినదని చెప్పను. నాడు పోయిన పిల్లలు నేడు రావు.

ఇప్పుడు ఈ విషయములో చెఱువు క్రింద వ్యవసాయము చేయువా రెఱుంగదగిన భేదమును చెప్పెదను. మన చెఱువులలో నేడు పట్టబడు చేపలో అధికభాగము బొచ్చె, రోహు, మృగాల. ఇవి మూడును ఏటి చేపలు. వరదనీటి పాఱుదలలో గ్రుడ్లు పెట్టునే గాని నిలిచిన చెఱువులో పెట్టవు. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి యను శాస్త్రజ్ఞుడు చేపల పిట్యూటరీ గ్రంథి రసమును సూదిద్వారా ఎక్కించి ఈ జాతులచే గ్రుడ్లు పెట్టింపగలిగెను. నాటినుండి చేపవిత్తనము ఏటిని నమ్ముకొనవలసిన పని తప్పినది. బొచ్చె పైనీటిలోను, రోహు నడుమను, మృగాల అడుగునను మేయును గనుక మూటిని కలిపి వదలుదురు. అనగా ఇవి చెఱువులో మనము విత్తిన పైరు. విత్తినవారు కోసికొనుట న్యాయము.

కొర్రమీను విత్తిన పైరు కాదు. అది చెఱువు బిడ్డ. నిలిచిన నీటిలోనే జతకట్టును. కలుపుమొక్కల నడుమ గూడు చేసి గ్రుడ్లు పెట్టును. పిల్లలు పొదిగిన పిమ్మట కొన్ని వారములు తల్లిదండ్రులు కాపలా కాయును. చెఱువు ఎండినను బురదలో కొంతకాలము ప్రాణము నిలుపుకొనును. 2016లో తెలంగాణ దీనిని రాష్ట్రమత్స్యముగా ప్రకటించినది. మృగశిర కార్తెనాడు చేపమందు మ్రింగువారు కోరునది దీని పిల్లనే. సంతలో దీని వెల తక్కిన చేపలను మించును. ఇన్ని గౌరవములు గల చేపకు, పిల్లలతో నున్న రెండు నెలలు విడిచిపెట్టు గౌరవ మొక్కటి మాత్రము కొఱతగా నున్నది. విత్తిన చేప పిల్లలను తినుననియు, చెఱువునుండి తీసివేయవలెననియు పెంపకపువారు చెప్పుదురు. పెంపకపు గుంటలలో అది నిజము. ఊరి చెఱువు పెంపకపు గుంట కాదు.

వలవేయువాడు వల తీయువఱకు ఏమి పడినదో యెఱుగడు. గాలము వేయువాడు ఒక్కొక్క చేపనే పట్టును, దానిని చూచును, ఉంచుటయో విడుచుటయో నిర్ణయించును. ఈ నిర్ణయాధికారమే గాలమునకు గల ఘనత. జీవనమునకు వల వేయువారిని నేను తప్పుపట్టుట లేదు; వారి వల కన్ను పెద్దదైనచో ఆ కన్నే వారి నిర్ణయము. అలివివలకు మాత్రము నిర్ణయమే లేదు.

ప్లాస్టిక్ వానపామునుగుఱించి న్యాయముగా రెండు మాటలు చెప్పవలెను. చేప నిజమైన ఎఱ్ఱను కడుపువఱకు మ్రింగును. ముల్లు లోతుగా దిగి, విడిచినను పలుమాఱులు బ్రదుకదు. చేతికదలికతో ఆడించు ఎఱ యగుటచే వేటగాడు కొఱుకును వెంటనే గుర్తించును. ముల్లు పెదవిలోనే నాటును. విడిచిన చేప బ్రదుకును. ఇది దాని గుణము. దోష మేమన, తెగి నీటిలో బడిన ఎఱ్ఱ మన్నగును, తెగి పడిన ప్లాస్టిక్ మన్ను గాదు. నీటిలో నాని ఉబ్బును; చేప మ్రింగినచో కడుపులో నిలిచిపోవును. జపానునందలి కవగుచి సరస్సులో 2007 నుండి మెత్తని ప్లాస్టిక్ ఎఱలను వాడనీయుట లేదు. మా మేనల్లుడు తెచ్చిన ఇరువదింటిలో మూడు మా చెఱువులో తెగినవి. ఒకదానిని తూడునుండి తీయగలిగితిని. రెండు ఇంకను అందే యున్నవి. ఒక చేపను విడిచిపెట్టితినని సంతోషించినవాడు ఈ లెక్కను గూడ చెప్పవలెను.

మిగిలినవానిని వానికే తిరిగి యిచ్చివేసితిని. చివఱి ఉదయమున పేడదిబ్బ త్రవ్వి ఎఱ్ఱలు తీసితిని. నెమలియీక బెండు కట్టి తూమునకు దూరముగా కూర్చుండగా జెల్లలు నాలుగు పడినవి. ఇంటికి కొనిపోయి పులుసు పెట్టించుకొని తింటిమి.

చదువరులలో పలువురకు చెఱువుకట్టతో సంబంధము గలదు. కొందఱు గ్రామపెద్దలు, కొందఱు సంఘములతో పరిచయము గలవారు, కొందఱు సంతలో కొనువారు. శ్రావణభాద్రపదములలో ఎఱ్ఱని పిల్లలముద్ద కనబడినచోట గాలమును, వలను దూరముగా ఉంచుడని మీ యూరివారికి చెప్పుడు. పిల్లచేపల కుప్పను కొనకుడు. కొనువాడు లేనిచో అలివివల ఆరదు, తడవదు. తెగిన దారమును, ప్లాస్టిక్ ఎఱను ఒడ్డున వదలకుడు. ఇవి చట్టము కొఱకు ఎదురుచూడవలసిన పనులు కావు. మీ చెఱువునకు మీరే కావలి.

ఆ ముసలి బెస్త గతించి చాలకాలమైనదట. ఆయన యడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలసినవార మింకను కట్టమీదనే యున్నాము.